ఎంగిలిపడని మెట్టతామరలు

ఎవరైనా సందేహం అడిగితే వీరదాసు గారు పుస్తకం తెరిచేవారు కాదు, చెప్పులు వెతుక్కునేవారు. సందేహం ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్ళి చూడడం ఆయన అలవాటు. ఎండలో ఆయన వెంట నడవలేక సందేహాలే మానుకున్న శిష్యులు కూడా లేకపోలేదు.

ఒక ఉదయం పానకాలు వచ్చి ఆయన కాళ్ళమీద పడ్డాడు. భార్య శేషారత్నానికి జ్వరం పట్టి విడవడం లేదు. డాక్టరు మందులు మార్చి మార్చి చూస్తున్నాడు గాని, ధైర్యంగా ఒక్క మాట చెప్పడం లేదు. ఆమె దక్కితే చాలునని పానకాలు అమ్మవారికి రోజూ ఎర్రపూల పూజ మొదలుపెట్టాడు. పూలకు వెతుక్కోనక్కర్లేదు, పెరట్లో మెట్టతామర గుబురు ఉంది. పుట్టింటినుంచి దుంప తెచ్చి శేషారత్నమే నాటుకున్నది.

"స్వామీ, నా పూజలో ఎక్కడో దోషం ఉంది. ఆ పూల మీద వాలే తేనెపిట్టలు రావడం మానేశాయి. ఆకులు ఎండిపోతున్నాయి. 'పిట్టలు రావడం లేదేమండీ' అని రత్నం మంచంలోంచి అడిగినప్పుడల్లా నా గుండె జారిపోతోంది. ఇది అపశకునం కాదూ? ఏం ప్రాయశ్చిత్తం చెయ్యను?"

వీరదాసు గారు చెప్పులు తొడుక్కున్నారు.

వెళ్ళి చూస్తే, రోగి పడుకున్న గది కిటికీ ముందే ఉంది గుబురు. అందులో ఒక్క ఎర్రరేకు కూడా కనబడలేదు. పాత పంచె చింపి, ప్రతి పూగుత్తికీ సంచిలా తొడిగి, దారంతో బిగించి ఉంది.

"ఇదేమిటి పానకాలూ?"

"పిట్టలూ తేనెటీగలూ ముందే మూతిపెడితే ఎంగిలైపోవూ స్వామీ? అమ్మవారికి ఎంగిలి పూలు పెట్టనా?"

"మరి దీనికి నీళ్ళు?"

"ఇదివరకు అంట్లు తోమిన నీళ్ళు పారేవి. అవీ ఎంగిలే కదా అని మట్టి అడ్డం వేసి మళ్ళించేశాను. బావినీళ్ళు పోద్దామనే అనుకుంటాను. పూజ, జపం, ఈ సంచులు... తీరిక చిక్కదు. రత్నం దగ్గర కాసేపు కూర్చోడానికే కుదరడం లేదు."

భయపడ్డవాడికి తాడే పాము. పానకాలు ఆ తాడును తానే పేని, తానే దారిలో పడేసుకున్నాడు. ఇంకొకరింట్లో అయితే నవ్వొచ్చేది. మంచంమీద మనిషి అలా ఉండగా ఎవరికి నవ్వు వస్తుంది?

వీరదాసు గారు ఒక్కొక్క దారమే విప్పారు. అడ్డం వేసిన మట్టిని కాలితో తోసేశారు. తరువాత అరుగుమీద కూర్చున్నారు. పానకాలు కూర్చోలేక, నిలబడలేక, కిటికీకీ గుబురుకూ మధ్య తిరిగాడు. ఎంతసేపటికీ ఏదీ రాలేదు. ఇక రాదేమోనని అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చివరికి బొటనవేలంత పిట్ట ఒకటి ఎక్కడినుంచో వచ్చి, కాడను పట్టుకు వేలాడి, పువ్వులో ముక్కు పెట్టింది. దాని వెనకాలే రెండు తేనెటీగలు వచ్చాయి.

"ఏమండీ, వచ్చింది! చూశారా?" లోపలినుంచి శేషారత్నం నీరసంగానే అయినా పిలిచింది. "ఒకసారి ఇలా రండి."

పానకాలుకు ఆ పిలుపు వినబడలేదు. పూలవంకే చూస్తున్న అతని ముఖం పాలిపోయింది.

"స్వామీ, అన్నీ ఎంగిలైపోయాయి! ఇప్పుడు అమ్మవారికి ఏమని చెప్పుకోను?"

"అమ్మవారికి నేను చెప్పుకుంటాలే," అన్నారు వీరదాసు గారు. "లోపల నిన్నెవరో పిలుస్తున్నారు. ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళావని అడిగితే ఏం చెబుతావో అది చూసుకో."