ఎవరూ నీళ్ళు పోయని పువ్వు

జూనీ పెంచిన ఐరిస్ పువ్వుకి పోటీలో బహుమతి రాలేదు.

కాశ్మీరు కొండల్లో ఉండే హనీఫ్ బాబా అనే ఫకీరుకి ఆమె శిష్యురాలు. ఆయన తోట పనంతా ఆమెదే. కబురు వినగానే పార విసిరికొట్టింది.

"ఇంక మట్టి ముట్టను బాబా. వంటింట్లో రొట్టెలు కాల్చుకుంటాను."

"నీ రొట్టెలా? మేమేం పాపం చేశాం తల్లీ?"

జూనీ నవ్వలేదు. "నా పువ్వు మీరూ చూశారుగా. అరచెయ్యంత ఉంటుంది. రేకు రేకుకీ కుచ్చిళ్ళు. గెలిచిందేమో ఏదో మామూలు నీలం పువ్వట."

ఆ పోటీ పద్ధతే వేరు. వచ్చిన ప్రతి దుంపనీ ముక్కలు చేసి మంచుకొండకీ, సరస్సు గట్టుకీ, ఎండకు మాడే బయలు నేలకీ పంపుతారు. కొన్ని వసంతాలు గడిచాక, ఎక్కడ నాటినా పూసినదానికే పట్టం కడతారు. జూనీ పువ్వు ఈ తోటలో తప్ప ఎక్కడా మొగ్గే తొడగలేదు.

"వాళ్ళకి పెంచడం చేతకాలేదు," అంది.

"అన్నిచోట్లానా?"

బాబా వంటింటి గోడకి నిచ్చెన ఆనించాడు. "పొగగూడు పక్కన కప్పు కారుతోందేమో, ఎక్కి చూసిరా."

విసుక్కుంటూనే ఎక్కింది. ఎక్కి, అలాగే నిలబడిపోయింది.

చలికాలమంతా మంచు మోసిన మట్టికప్పు అది. రోజంతా పొగ. దాని మీద గుంపుగా నీలం ఐరిస్‌లు. సన్నటి కాడలు గాలికి వంగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. ఒక్క రేకు కూడా చిరగలేదు.

"ఇవెవరు నాటారు బాబా?"

"నువ్వు మడి బాగుచేస్తూ పీకి పారేసినవేగా. కప్పు మట్టి జారకుండా నేనే గుచ్చాను. మిగిలినవి దారినపోయేవాళ్ళు అడిగితే తలో ముక్కా ఇచ్చాను. వాళ్ళలో ఒకాయన పోటీకి పంపినదే గెలిచిందట."

"మరి నీళ్ళు?"

"గుచ్చాక నేను మళ్ళీ పైకెక్కితేగా. నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదూ?"

జూనీ ఒక రేకుని వేలికొసతో తాకింది. పైనుంచి తన మడి కనిపిస్తోంది. ఎండ పడకుండా గుడ్డ పందిరి. గాలి తగలకుండా తడిక. కాడ కాడకీ ఊతకర్ర.

దిగి తిన్నగా మడి దగ్గరికి వెళ్ళింది. గుడ్డ పందిరి ముడులు విప్పడం మొదలుపెట్టింది.

"ఎండ తగులుతుందే తల్లీ," అన్నాడు బాబా.

"తగలనీ బాబా," అంది జూనీ, పక్కన పడున్న పార అందుకుంటూ.