కెంపడి మొహం

పది రోజుల్లో మూడు గొర్రెపిల్లలు మాయమయ్యాయి. సన్నీరప్ప తాత ఆశ్రమంలో మందను చూసుకునే ఓబులపతికి అన్నం సయించడం లేదు. దారిన పోయే ప్రతి మనిషి మూట మీదా అతనికి అనుమానమే. కట్టెలకొచ్చిన ఆడవాళ్లను ఆపి మోపులు విప్పించాడు. భిక్షకొచ్చిన బైరాగి జోలెను కూడా వదల్లేదు.

అతని అలవాటు అలాంటిది. ఈ గుట్టకు చేరకముందు అతను పదకొండేళ్లు ఒక చెక్‌పోస్టులో పనిచేశాడు. లారీ ఆపి, డ్రైవరు మొహం ఒక్కసారి చూసి, టార్పాలిన్ కింద ఏముందో చెప్పేసేవాడట. ఈ సంగతి చెప్పింది కూడా అతనే అనుకోండి. సంసారం మీద విరక్తి పుట్టి తాత కాళ్ల మీద పడి ఏడాది దాటింది. చేతికి జపమాల వచ్చింది గానీ కంట్లోంచి చెక్‌పోస్టు పోలేదు.

ఆశ్రమం అంటే పెద్దదేం కాదు. మూడు కొట్టాలు, ఒక మగ్గం, భక్తులిచ్చిన నలభై గొర్రెలు. తాత కురుబల ఇంట పుట్టినవాడు. గొర్రెబొచ్చు వడికి కంబళ్లు నేసి, చలికి వణుకుతూ వచ్చినవాడికి ఒకటి కప్పి పంపేవాడు. మందకు కాపలా కెంపడనే ఎర్ర కుక్క.

మూడో పిల్ల పోయిన రోజు పొద్దున కెంపడి మూతికి నెత్తురు కనిపించింది. ఓబులపతికి ఇంకేం కావాలి? కర్ర పట్టుకుని దాని ముందు నిలబడి, చెక్‌పోస్టు గొంతుతో అడిగాడు.

"పిల్ల ఏది?"

కెంపడు చెవులు వెనక్కి వాల్చింది. మొహం పక్కకు తిప్పుకుంది. నాలుకతో ముక్కు నాకుకుని, తోక కాళ్ల మధ్య దూర్చుకుంది. మర్నాడు అడిగినా అంతే. మూడోనాడు కర్ర చూడగానే వెల్లకిలా పడి కడుపు చూపించింది. తప్పు చేయనివాడు మొహం ఎందుకు తిప్పుకుంటాడని ఓబులపతి వాదం. దాన్ని గుంజకు కట్టేసి, చుట్టుపక్కల మందలవాళ్లకు కబురు పెట్టాడు.

సొంత మంద రుచి మరిగిన కుక్కను అక్కడి గొర్రెలకాపరులు బతకనివ్వరు. మూడు మందల పెద్దలు కూర్చుని ఒప్పుకుంటే వాగులోకి తీసుకెళ్లి రాళ్లతో కొడతారు. కోపంతో కాదు, అది కట్టుబాటు. ఆ కుక్కను పెంచినవాడు కూడా ఒక రాయి వేయాలి.

మర్నాడు పొద్దెక్కేసరికి పెద్దలు వచ్చారు. వాళ్లలో వయసు మళ్లిన కరెప్ప మొదట నెత్తురు సంగతి కొట్టిపారేశాడు. ఈ నెలలో గొర్రెలు ఈనుతున్నాయి, ఈనాక పడే మావి తిన్న కుక్కకు మూతి ఎర్రగా కాక తెల్లగా ఉంటుందా అన్నాడు. గుట్టంతా రాతి బండ, తోడేలు వచ్చిపోయినా అడుగు పడదన్నాడు. ఓబులపతి నవ్వాడు. అడుగులు అక్కర్లేదు, దాని మొహం చూడండి అని కర్ర తీసుకుని గుంజ దగ్గరకు వెళ్లాడు.

"పిల్ల ఏది?"

కెంపడు మొహం తిప్పుకుంది. నేలకు కరుచుకుపోయి వణికింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరెప్ప కూడా నిట్టూర్చి, దీనికి తెలుసప్పా అనేశాడు. ఒకాయన దాన్ని వాగుకు నడిపించేందుకు తాడు విప్పడానికి లేచాడు.

అంతవరకూ మగ్గం దగ్గర కూర్చున్న తాత లేచి వచ్చాడు. ఓబులపతి చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. ఓబులపతి కుక్కకు ఎంత దూరంలో నిలబడ్డాడో, సరిగ్గా అంత దూరంలో అతని ముందు నిలబడ్డాడు.

"పిల్ల ఏది?"

తాత తమాషా చేస్తున్నాడనుకుని ఓబులపతి నవ్వబోయాడు. తాత నవ్వలేదు. ఆ గొంతు ఏడాదిగా తాను వింటున్న గొంతు కాదు. తాత మళ్లీ అదే మాట అడిగాడు.

ఓబులపతి చూపు నేల మీదికి జారింది. నోరు ఎండిపోయి పెదాలు తడుపుకున్నాడు. తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. పదకొండేళ్లు మొహాలు చదివినవాడు గనక, ఇప్పుడు తన మొహం మీద ఏం కనిపిస్తోందో అతనికి బాగా తెలుసు. తెలిసేకొద్దీ అది ఇంకా ఎక్కువైంది.

తాత కర్ర కింద పెట్టేశాడు. కుక్క సంగతి పొద్దుగూకాక చూద్దాం అని మళ్లీ మగ్గం దగ్గరకు వెళ్లిపోయాడు.

పెద్దలు వెళ్లలేదు. రెండో పిల్ల పోయిన రోజు నువ్వు సంతకు పోయినావు కదా అని ఒకాయన మెల్లగా అడిగాడు. ఉప్పు కోసమన్నాడు ఓబులపతి. ఉప్పుకు అంత పెద్ద సంచి ఎందుకని ఇంకొకాయన. ఓబులపతి కొట్టంలోకి పరుగెత్తి సంచి తెచ్చి బోర్లించాడు. ఎవరూ అడగకముందే బోర్లించినందుకు దాన్నీ అనుమానంగానే చూశారు. మధ్యాహ్నం వంట చేసే నర్సక్క ముద్ద వడ్డించి, రోజూలా పక్కన కూర్చోకుండా వెళ్లిపోయింది. తాను ఏం చెప్పినా దొంగమాటలాగే వినిపిస్తోంది, చెప్పకపోతే దొంగ మౌనంలా ఉంది. సాయంత్రానికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

పొద్దు వాలుతుండగా మగ్గం దగ్గరకు వెళ్లాడు. పెద్దలంతా అక్కడే ఉన్నారు. ఉన్నా సరే, అడిగేశాడు.

"తాతా, ఎవరేమనుకున్నా నాకు అక్కర్లేదు. నువ్వు నన్ను నమ్ముతున్నావా లేదా? ఒక్క మాట చెప్పు."

తాత నేస్తున్న కంబళి మీంచి తల ఎత్తలేదు.

"కెంపడు నిన్ను అడుగుతాండేది అదే కదప్పా," అన్నాడు.

ఓబులపతికి నిన్న వెల్లకిలా పడిన కుక్క, దాని తెల్లటి కడుపు, తన చేతిలో కర్ర గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. కుక్కను వదిలేస్తే దొంగ ఎవరన్న ప్రశ్న నేరుగా తన మీదికే వస్తుందనీ తెలుసు. అవతల రాయి పడేది కుక్క మీద. తన మీద పడేది మాట మాత్రమే.

గుంజ దగ్గరకు ఉత్త చేతులతో వెళ్లాడు. అతన్ని చూసి కెంపడు మొహం తిప్పుకుంది. ఈసారి అతను ఎదురుగా నిలబడలేదు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, దాని వైపు చూడకుండానే తాడు విప్పాడు. కెంపడు కాసేపు కదల్లేదు. తర్వాత లేచి, ఒళ్లు దులుపుకుని, అతన్ని పట్టించుకోకుండా దొడ్డి వాకిట్లోకి వెళ్లి తన చోట పడుకుంది.

కరెప్ప దగ్గరకొచ్చాడు. "అది తినలేదంటావా?"

"ఏమో."

"నువ్వు తీయలేదు."

"లేదు."

"మరి ఎవరప్పా?"

ఓబులపతి తలెత్తి అతని మొహంలోకి చూశాడు.

"తెలీదు," అన్నాడు. ఆ మాట అతని నోటి వెంట రావడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి.