నిప్పులో పెట్టని రాయి

అనగనగా రాళ్ళు కాల్చి బతికే ముసలివాడొకడు. పేరు బసివయ్య. కోటకు అర్ధక్రోసు అవతల, పొగ ఊరిమీదికి రాని దిక్కున అతని పాక.

రాళ్ళు కాల్చడమేమిటని నవ్వకండి. మట్టిరంగు రాళ్ళను నెలల తరబడి ఎండబెట్టి, ఊక నింపిన కుండలో పూడ్చి, పిడకల సెగన పెడితే మూడోనాటికి కుంకుమలా ఎర్రబడతాయి. చల్లారకముందే మూత తీశామో, పెటపెట పగిలిపోతాయి. ఆ ఓపిక బసివయ్యకు ఉంది. లేనిదల్లా తోడు. భార్య ముత్తమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఊళ్ళో పొయ్యి ఆరితే పొరుగింటికి నిప్పుకు వెళతారు. ఇన్ని నిప్పులున్న అతని గడపకు మాత్రం ఎవ్వరూ రారు. అది తలచుకుంటే అతనికి అన్నం సయించేది కాదు.

ఒకనాడు రాజు దండోరా వేయించాడు. రాణిగారి హారానికి మూడు ఊదారంగు రాళ్ళు తెచ్చారు. వాటి రంగు ఇంకా చిక్కబడాలి. చేసినవారికి కోటలో, పనివాళ్ళ వీధిలో ఇల్లు.

ఇల్లనగానే బసివయ్య కోటకు బయలుదేరాడు. అటొక గోడ, ఇటొక గోడ, గోడలకవతల మనుషులు!

సభకు బసివయ్యతో పాటు రాళ్ళు కాల్చే పనివాళ్ళు మరో ఇద్దరు, పాపోజు, నాగోజు వచ్చారు. ముగ్గురికీ తలా ఒక రాయి ఇచ్చారు. "మూడు రోజుల్లో తెస్తాను ప్రభూ" అన్నాడు పాపోజు. "నాకు రెండు చాలు" అన్నాడు నాగోజు. బసివయ్య రాయిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. సరేనంటే ఇల్లు వస్తుందేమో. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ప్రభూ, దీన్ని కాల్చకూడదండి. ఉన్న రంగూ పోతుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట!" అన్నాడు నాగోజు. సభ గొల్లుమంది. రాజు రాయి వెనక్కి తీసుకున్నాడు. బసివయ్య పనివాళ్ళ వీధి గుండానే తిరిగి వెళ్ళాడు. తలుపుల వెనక మాటలు వినిపిస్తుంటే ఏడుపొచ్చింది.

రెండోనాడు నాగోజు వేడిమీదే కుండ తెరిచాడు. రాయి ముక్కలైంది. మూడోనాడు పాపోజు చల్లారాకే తెరిచాడు. రాయి నిలిచింది కాని, ఊదారంగు పోయి ఎండుగడ్డి రంగుకు దిగింది.

రాజు స్వయంగా పాకకు వచ్చాడు. "నీకెలా తెలిసింది, తాతా?"

బసివయ్య మెడలోని తాడు లాగి, వెలిసిన పసుపురాయి చూపించాడు. "మా ముత్తమ్మ పెళ్ళినాటి రాయండి. ఊదాగా ఉండేది. ఎర్రరాళ్ళకు రంగిచ్చే నిప్పు దీనికీ ఇస్తుందనుకుని, ఆవిడ వద్దంటున్నా కాల్చాను. ఆవిడ పల్లెత్తుమాట అనలేదు. చివరిదాకా దీన్నే పెట్టుకుంది." కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి ఇల్లు పోతుందని తెలిసీ నిజం చెప్పావే?"

"నా ఒంటరితనం తీరడానికి ఇంకొకరి రాయి పాడుచేస్తానా, ప్రభూ?"

మిగిలిన ఒక్క రాయిని రాజు ఉన్న రంగుతోనే పొదిగించాడు. ఇల్లు బసివయ్యకే ఇచ్చాడు.

కొత్తింట్లో మొదటి పొద్దున ఎవరో తలుపు తట్టారు. చూస్తే ఎదురింటి కోడలు, చేతిలో కొబ్బరిచిప్ప.

"తాతా, మా పొయ్యి ఆరిపోయింది. కాస్త నిప్పుంటే ఇస్తావా?"

కాస్త అడిగితే బసివయ్య చిప్పనిండా పెట్టాడు.

తనకు దక్కేది పోయినా సరే, ఎదుటివారి సొత్తు చెడనివ్వని మనిషికి ఆలస్యంగానైనా ఇల్లూ దొరుకుతుంది, ఇరుగుపొరుగూ దొరుకుతుంది.