పడవకు తొలి పూత

కూర్మారావు మాస్టారిని ప్రశ్న అడగడం సులువు, జవాబు రాబట్టడం కష్టం. విశాఖపట్నంలో హార్బరుకు వెళ్ళే దారిలో, ఇనప సామాన్ల కొట్టు పైన ఉన్న పొడుగాటి గదిలో ఆయన ఓడలకూ పడవలకూ చిన్న చిన్న నమూనాలు తయారుచేసేవాడు. కొలతల్లో వెంట్రుకవాసి తేడా రానివ్వడని పేరు. ఆ పేరు విని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే "చూద్దాం" అని ఊరుకునేవాడు. కొత్తవాళ్ళు ఆయనకు చెవుడనుకునేవారు. పాతవాళ్ళు మాత్రం ఆ జవాబు ఎటునుంచి వచ్చి మీద పడుతుందోనని ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగేవారు.

ఒకనాడు సుగుణ అనే శిష్యురాలు ఆయన్ని అడిగింది: "మాస్టారూ, మనం చేసే పని మనవాళ్ళకి ఎప్పుడు చూపించాలి?"

మాస్టారు చేతిలోని సూదిని గుడ్డతో తుడిచి, వెలుగుకేసి పట్టి చూసి, "చూద్దాం" అన్నాడు.

సుగుణ ఊరికే అడగలేదు. ముప్పై ఏళ్ళ మనిషి. ఫ్లెక్సీలు అచ్చువేసే కొట్టులో ఉద్యోగం మానేసి ఈ పనిలో చేరింది, చేరాకే ఇంట్లో చెప్పింది. తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్క వరహాలుకు ఇది బొత్తిగా నచ్చలేదు. వరహాలుది అనకాపల్లిలో కర్రీ పాయింటు. పొయ్యిల ముందు నిలబడి చెల్లెల్ని డిగ్రీ చదివించింది. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో గుమాస్తా పని ఖాళీ ఉందని తెలిసి, చెల్లెలి కోసం ఆ స్కూలు మేడమ్‌ని ఎన్నోసార్లు బతిమాలింది. "ఒక్కసారి వచ్చి నీ పని కళ్ళారా చూస్తాను. బాగుందా, సరే, ఉండు. లేదంటే మూటాముల్లే సర్దుకుని నాతో వచ్చెయ్యి" అని ఫోనులో చెప్పింది. సుగుణ పుట్టి బుద్ధెరిగాక అక్క మాటకు ఎదురు చెప్పింది లేదు. అక్క పద అంటే తాను వెళ్ళిపోతానని ఆమెకు తెలుసు, అదే ఆమె భయం.

అందుకని తెలివిగా లెక్క వేసుకుంది. తన చేత్తో చెక్కిన మరబోటు నమూనా ఒకటి బల్ల మీద సిద్ధంగా ఉంది. మూరెడు పొడవు. చెక్క చెక్కకూ మధ్య సన్నటి గీతలు, వాటిని గీసీ గీసీ ఆమె వేళ్ళు కాయలు కాచాయి. దానికి నీలం రంగు వేయడం ఆదివారానికి పూర్తవుతుంది కాబట్టి అక్కను సోమవారం రమ్మంది.

రంగు వేసేది ఎయిర్ బ్రష్‌తో. కలమంత పరికరం, వెనకాల కంప్రెషర్ గొట్టం. మీట నొక్కితే గాలి, నొక్కి వెనక్కి లాగితే గాలితోపాటు రంగు. చూడటానికి ఇంతే. ఈ ఇంతలోనే కొత్తవాళ్ళందరూ ఒకేచోట బోల్తాపడతారు. తొలి పూత పొగమంచులా పల్చగా పడాలి. అది ఆరాక ఇంకోటి, అదీ ఆరాక మరోటి. కానీ ఆ తొలి పూత ఎంత వికారంగా ఉంటుందంటే, వేసినవాళ్ళకే చూడబుద్ధి కాదు. చూడబుద్ధి కాక మీట ఇంకాస్త లాగుతారు. ఆ క్షణాన నిగనిగలాడిపోతుంది. కాసేపటికి రంగు జారి, గీతలన్నీ పూడ్చుకుని, అంచుల కింద బొట్లు బొట్లుగా వేలాడుతుంది. సుగుణ అంతకుముందు ఒక పనికిరాని చెక్క మీద అలాగే చేసింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని అప్పుడు తనను తానే తిట్టుకుంది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం పడవకు తొలి పూత పడింది. అడుగున ఉన్న బూడిదరంగు ప్రైమర్ అక్కడక్కడా తొంగిచూస్తూ, పడవంతా బూడిద మీద నీలిమందు చల్లినట్టుంది. పడాల్సినట్టే పడింది. సుగుణ ఆరనిద్దామని చేయి తీస్తుండగా ఫోన్ మోగింది. కొళాయి నీళ్ళు రాక కొట్టు మూసేసి, అక్క బస్సెక్కి వచ్చేసింది. మెట్ల కిందే ఉంది.

సుగుణ మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, ఈవేళ వద్దు. కిందే మాట్లాడి, టీ తాగించి పంపించేస్తాను" అంది.

మాస్టారు లేచాడు. తలుపు వేయడానికే అనుకుందామె. ఆయన మెట్ల దాకా నడిచి, కిందికి వంగి, "రండమ్మా, పైకి రండి. మీ చెల్లెలు రంగు వేస్తోంది" అని పిలిచాడు.

సుగుణకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. అంత కోపం ఆమెకు ఎన్నడూ ఎవరిమీదా రాలేదు.

వరహాలు ఒక చేత్తో క్యారేజీ, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని పైకి వచ్చింది. చెల్లెల్ని ఎగాదిగా చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి పడవను చూసింది. వంగి ఒక పక్కనుంచి, మళ్ళీ రెండో పక్కనుంచి చూసింది. తిట్టినా బాగుండేదని సుగుణకు అనిపించింది.

"ఏటే ఇది?" అంది చివరికి.

"తొలి పూత అక్కా. ఇంకా ఉంది."

"మా చెల్లి ఓడలు చేస్తోందని ఊరందరికీ చెప్పుకుంటున్నాను. ఇదేటి, తుడిచీ తుడవని పెనంలాగుంది."

మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు వీపు పెట్టి, ఒక తెరచాప కొయ్యను నున్నగా రుద్దుకుంటున్నాడు. ఆయన ఒక్క మాట చెబితే అక్క నమ్మేది. ఆ ఒక్క మాట ఆయన నోటివెంట రాలేదు.

"మిగతాది ఎప్పుడేస్తావు?" అంది వరహాలు.

"ఇది ఆరాలి కదా."

"ఆరేదాకా నేను కూచుంటానా? అయిదింటికల్లా ఏ సంగతో చెప్పమని ఆ మేడమ్ పొద్దున్నే ఫోన్ చేసింది. ఇప్పుడే వెయ్యి, చూసి పోతాను."

సుగుణ చేతిలో ఎయిర్ బ్రష్ అలాగే ఉంది. దాని మీది చిన్న గిన్నెలో రంగు సగానికి పైగా ఉంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. మీట ఒక్క పిసరు వెనక్కి లాగితే చాలు, పడవంతా నీలంగా తళతళలాడుతుంది. ఆ తళతళ కాసేపే నిలుస్తుంది. కాసేపు చాలు కూడా. అక్క ఆహా అంటుంది, మేడమ్‌కి ఫోన్ చేస్తుంది, బస్సెక్కుతుంది. తర్వాత పడవ ఏమైపోతే అక్కకేం తెలుస్తుంది?

మీట నొక్కింది. గాలి బుస్సుమంది. పడవకు పక్కనుంచి మొదలుపెట్టి ముక్కు మీదికి తెచ్చి, వేలు వెనక్కి లాగింది. అరచేతి మేర నీలం చిక్కగా, తడిగా మెరిసింది.

"అదీ" అంది వరహాలు. ఆమె మొహం విచ్చుకుంది. "అలాగ వెయ్యి. అలాగే అంతా కప్పెయ్యి."

ఆ మొహం చూసి సుగుణకు ప్రాణం లేచొచ్చింది. ఆ మొహం కోసమే చిన్నప్పటినుంచీ ఏ పనైనా చేసింది. వేలు ఇంకాస్త వెనక్కి వెళ్ళింది. అప్పుడే పడవ ముక్కు మీద, తాను గీసిన సన్నటి గీతల్లో మొదటిది, రంగు నిండి కనబడకుండా పోవడం చూసింది. దాని పక్కది కూడా నిండబోతోంది.

ఆమె రంగు ఆపింది. గాలి ఒక్కటే కాసేపు వీచింది. తర్వాత అదీ ఆపి, బ్రష్‌ను దాని కొక్కేనికి తగిలించింది.

"ఇవాళ్టికి ఇంతే అక్కా."

"ఏం?"

"ఇప్పుడు నిండుగా వేస్తే నీకు బాగుంటుంది, పడవకు బాగుండదు."

వరహాలు మొహం ముడుచుకుంది. చెల్లెల్ని వదిలేసి కిటికీ వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు చెప్పండి. ఇది బాగా వస్తాదా?"

మాస్టారు వెనక్కి తిరగలేదు. "నాకేం తెలుసమ్మా? పడవ ఆమెది."

ఇక తప్పించుకునే దారి లేదు. సుగుణ పడవ ముక్కుకేసి చూపించింది. "వస్తుంది. ఈ ముక్కు దగ్గర చెడింది, ఆరాక రుద్ది మళ్ళీ వేస్తాను. మళ్ళీ చెడితే మళ్ళీ రుద్దుతాను. నీతో మాత్రం రాను అక్కా."

అనేశాక తల వంచుకుంది. అక్క చెయ్యి చేసుకుంటుందేమోనని కూడా అనిపించింది, ముప్పై ఏళ్ళొచ్చినా సరే. వరహాలు అలాగే నిలబడి చెల్లెల్ని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత క్యారేజీ స్టూలు మీద పెట్టి, భుజం మీది సంచిలోంచి ఫోన్ తీసింది.

"మేడమ్ గారండీ, వరహాల్నండి. మా చెల్లికి కుదరదండి. లేదండి, దానికి పనుందండి. ఇంకొకర్ని చూసుకోండి."

ఫోన్ సంచిలో వేసుకుని, "పులిహోర తెచ్చాను. చేతులు కడుక్కుని తిను. మాస్టారికీ పెట్టు" అంది. మెట్లు దిగేముందు వెనక్కి తిరిగి, పడవను కాదు, చెల్లెల్ని మరోసారి చూసి వెళ్ళింది.

అక్క చెప్పుల చప్పుడు వినిపించినంతసేపూ సుగుణ కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా ఏడుపు, ఏడుపు వెంట కోపం వచ్చాయి. "సోమవారం దాకా ఆగితే నిగనిగలాడే పడవను చూసేది కదా మాస్టారూ. నన్నెందుకు ఇంత కోత పెట్టారు?"

మాస్టారు కొయ్య మీది పొడిని ఉఫ్‌మని ఊదాడు.

"సోమవారం వచ్చుంటే పడవను చూసి వెళ్ళిపోయేదమ్మా" అన్నాడు.