చుక్కి చూసిన వెలుగు

మొక్కజొన్న చేనుకి ఆనుకుని ఒక పశువుల కొట్టం. అందులో ఒక కర్రెద్దు, ఒక గేదె, పది పన్నెండు కోళ్లు. ఆ కోళ్లలో ఎవరూ లెక్కచేయని పెట్ట చుక్కి. గింజలు చల్లితే దాని ముక్కుకి అందేది ఊకే. అలాంటి చుక్కి ఒకనాడు గేదె కాలికింద పడి మెడ వాల్చేసింది. ఇంటావిడ దాన్ని పక్కకి తీసి, మీద కంచు గిన్నె బోర్లించి, గిన్నె మీద వేళ్లతో టకటకా కొట్టింది. సొమ్మసిల్లిన కోడికి ఆ ఊళ్లో చేసే వైద్యం అదే. కాసేపయ్యాక గిన్నె ఎత్తితే చుక్కి లేచి నిలబడింది.

కోళ్లన్నీ చుట్టూ మూగాయి. "చచ్చి బతికావు కదే. అక్కడేముంది?"

చీకటి, చప్పుడు. చుక్కికి తెలిసింది అంతే. కానీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన మాట కోసం ఇంతమంది కాచుకుని ఉన్నారు. "మేళాలు మోగాయి. తర్వాత తెల్లటి వెలుగు," అంది. రెండో రోజుకి ఆ వెలుగులో గింజల కుప్పలు చేరాయి. మూడో రోజుకి గద్దలు లేని ఆకాశం కూడా వచ్చింది. అందరూ మొదటి గింజ దానికే వదలసాగారు.

"కంచు గిన్నె చప్పుడు అది," అంది కర్రెద్దు నెమరేస్తూ. "నేనిక్కడే కట్టేసి ఉన్నాను."

"నువ్వు బయట ఉన్నావు తాతా. లోపలున్నది నేను," అంది చుక్కి. ఎద్దు మళ్లీ నెమరులో పడింది.

నాలుగో రోజు ఆ కొట్టంలోని పిల్లల కోడి పింగళమ్మ వచ్చింది. కొక్కెర తెగులు ఆమె పిల్లల్లో ఏడింటిని వారం తిరక్కుండా ఊడ్చేసింది. మిగిలింది ఒక్కటే. పింగళమ్మ తిండి ముట్టి మూడు రోజులైంది.

"ఒక్కమాట చెప్పు చుక్కీ. అక్కడ నా పిల్లలు కనిపించారా?"

ఆ మొహం చూస్తూ లేదనడానికి చుక్కికి నోరు రాలేదు. "కనిపించారత్తా. ఏడుగురూ. ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఆడుకుంటున్నారు."

పింగళమ్మ ఆ పూట నూకలు తింది. మంచిపనే చేశాననుకుంది చుక్కి.

ఈ మాటలన్నీ కంచె అవతల పొంచి ఉన్న బావురుపిల్లి చెవిన పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం పింగళమ్మ కంచె పక్కకి వస్తే మెల్లగా పలకరించింది.

"పిల్లల దగ్గరికి దారి నాకు తెలుసక్కా. ఎంతమందిని దాటించానో."

"నిన్నెలా నమ్మేది?"

"నన్ను నమ్మొద్దు. చుక్కిని నమ్ము. వెళ్లొచ్చింది మీ కోడేగా."

"నొప్పెడుతుందా?"

"మెడ దగ్గర కాస్త. చిటికెలో పోతుంది."

పింగళమ్మ తన పిల్లని చుక్కి దగ్గరికి తోలుకొచ్చింది. "దీనికన్నా పెద్దవాళ్లని చూసి సాయంత్రానికి వచ్చేస్తాను. దీన్ని కాస్త కనిపెట్టుకో." ఏ పెద్దవాళ్లు, ఎక్కడికి అని చుక్కి అడగాల్సింది. అప్పుడది ఎవరికో గద్దలు లేని ఆకాశం గురించి చెబుతోంది. తల ఊపి ఊరుకుంది.

సాయంత్రం చేలో పింగళమ్మ ఈకలు దొరికాయి. చుక్కికి అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి.

తెల్లవారాక బావురుపిల్లి కంచె దగ్గరికే వచ్చి కూర్చుంది. "చిట్టీ, మీ అమ్మ అక్కడ మీ వాళ్లతో ఉంది. నువ్వు లేవని ఒకటే బెంగ. రా, దిగబెట్టి వస్తాను."

పిల్ల పరుగెత్తింది. చుక్కి రెక్కలు చాపి అడ్డం పడింది.

"పోకు. నేనేమీ చూడలేదు. చీకటి, గిన్నె చప్పుడు, అంతే. వెలుగు లేదు, మీ వాళ్లెవరూ కనపడలేదు. చచ్చాక ఏముందో నాకు తెలియదు. అంతా అల్లి చెప్పాను."

కొట్టంలో కోళ్లన్నీ విన్నాయి. పిల్లి లేచి ఒళ్లు విరుచుకుంది. "పోనీలే, నిన్నటిదే ఇంకా అరగలేదు," అని చేలోకి వెళ్లిపోయింది.

పిల్ల చుక్కి మొహంలోకి చూసింది. "ఈ మాట నిన్న అమ్మకెందుకు చెప్పలేదు?"



చూడనిదాన్ని చూశానని కడుపుకోతలో ఉన్నవాళ్లకి చెప్పకూడదు, వాళ్లు నిజంగానే చూడ్డానికి వెళ్తారు.