చల్లారని గడ్డిమోపు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, మేఘగిరిని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణికేతుడికి హేమలేఖ అనే రాజకుమారితో పెళ్లి కుదిరింది. తీరా తలంబ్రాల వేళకు కరాళుడనే మాంత్రికుడు పందిట్లోంచి ఆ పిల్లను గద్దలా తన్నుకుపోయాడు. "నువ్వుండు తమ్ముడూ, మరదల్ని మేం తెస్తాం" అని పెద్దవాడు గుర్రమెక్కి వెళ్లాడు, తిరిగి రాలేదు. నడిపివాడు వెళ్లాడు, వాడూ రాలేదు. మణికేతుడికి తిండి సయించలేదు, కంటికి కునుకు రాలేదు. చివరికి మాటలు వచ్చిన తన తెల్లగుర్రం పాలవెన్నెల మీద పాత ఎండుగడ్డి మూటలు వేసుకుని తనే బయలుదేరాడు.

ఏడు సముద్రాలు దాటి కరాళుడి దీవి చేరేసరికి పాలవెన్నెల డొక్కలు అంటుకుపోయాయి. ఎదురుగా మెట్లు లేని మేడ. పైన కిటికీలో హేమలేఖ. కింద రాతిబొమ్మలై పడి ఉన్న అన్నలు, వాళ్ల గుర్రాలు.

కరాళుడు నవ్వుతూ వచ్చాడు. గుర్రం ఒక్క దూకులో కిటికీ అందుకుంటే పిల్ల నీది, కూలబడిందా నువ్వూ రాయివే అన్నాడు. పైగా, పాపం నీ గుర్రం ఆకలితో నకనకలాడుతోంది, మేపుకోవయ్యా అంటూ అప్పుడే కోసి కట్టిన గడ్డిమోపుల వామి చూపించాడు. కమ్మటి వాసన వేస్తోంది. మణికేతుడు ఆత్రంగా ఒక మోపు లాగబోయాడు.

"ఆగు బాబూ. ముందు అందులో చెయ్యి పెట్టి చూడు" అంది పాలవెన్నెల.

మోచేతిదాకా పెట్టాడు. చురుక్కుమంది.

"తడి ఆరకముందే బిగించి కట్టాడు. లోపల ఇంకా ఉడుకుతోంది. ఇప్పుడు తిన్నానంటే కడుపుశూలతో కూలిపోతాను. మీ అన్నల గుర్రాలూ అలాగే కూలి ఉంటాయి. వేడి పోయేదాకా పాతగడ్డే పొదుపుగా పెట్టు."

ప్రేమకు కోటగోడ అడ్డం వస్తుంది, సముద్రం అడ్డం వస్తుంది. గడ్డి అడ్డం రావడం ఎక్కడైనా విన్నారా, పిల్లలూ? మణికేతుడికి వచ్చింది. రోజూ పొద్దున్నే పై వరస మోపుల్లో చెయ్యి పెట్టి చూసేవాడు. వేడి. బూజు వాసన వేసినవాటిని దూరంగా పారేసేవాడు. సాయంత్రం కిటికీ కింద నిలబడితే హేమలేఖ గాజుల చప్పుడు వినపడేది. అంత దగ్గరగా ఉన్న మనిషి అందకపోతే గుండె ఎలా కొట్టుకుంటుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కరాళుడేమో ఇంతేనా నీ ప్రేమ అని ఎకసెక్కాలాడేవాడు.

ఒక సాయంత్రం ఆమే అడిగింది. "ఇంత దూరం వచ్చి ఇక్కడెందుకు ఆగిపోయావు?"

"గడ్డి ఇంకా వేడిగా ఉంది" అన్నాడు.

ఆమె కిటికీ మూసేసింది. మణికేతుడు గుర్రం మెడ కౌగిలించుకుని ఏడ్చాడు. అయినా పొద్దున్నే మళ్లీ వామి దగ్గరికే వెళ్లాడు.

ఎట్టకేలకు ఒకనాడు మోపులు చల్లబడ్డాయి. ఒకటి తీశాడు, చల్లన. ఇంకొకటి తీశాడు, చల్లన. అన్నీ తీయగా అడుగున ఒక్కటి మాత్రం వెచ్చగా తగిలింది. పాలవెన్నెల వాసన చూసి, "ఇది గడ్డి వేడి కాదు బాబూ, ఒంటి వేడి" అంది.

విప్పితే లోపల చిన్న పంజరం, అందులో చిలక. కరాళుడు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. పిల్ల కోసం వచ్చినవాడు గడ్డి దగ్గర ఆగుతాడనుకోలేదని, అందుకే తన ప్రాణాన్ని అక్కడ దాచానని ఏడ్చాడు. మణికేతుడు వినలేదు. చిలక మెడ విరిగింది, మాంత్రికుడు నేలకూలాడు, అన్నలు దుమ్ము దులుపుకుంటూ లేచారు.

మేడకు మెట్లు మాత్రం మొలవలేదు. పాతగడ్డిలో కొత్తది మొదట గుప్పెడు, తర్వాత దోసెడు కలిపి మేపుతూ అన్నదమ్ములు ముగ్గురూ ఓపిక పట్టారు. పాలవెన్నెల డొక్కలు నిండాక ఒక్క దూకు దూకింది. తట్టకముందే కిటికీ తెరుచుకుంది.

మేఘగిరిలో ఆగిపోయిన పెళ్లి మళ్లీ జరిగింది. అన్నలే పట్టం కట్టగా మణికేతుడు రాజై చాలాకాలం చల్లగా ఏలాడు. ఏటా కొత్తగడ్డి రాగానే రాణి తనే వెళ్లి మోపులో చెయ్యి పెట్టేది. "గడ్డి ఇంకా వేడిగా ఉంది" అని నవ్వేది. నవ్వుతూనే, రెండో చేత్తో రాజు చెయ్యి గట్టిగా పట్టుకునేది.