గాలికి వేసిన ఆకు

ఒకప్పుడు అరిటాకు మీ అరచెయ్యంత ఉండేది. నవ్వకండర్రా, నిజంగానే! అరటిచెట్టు పెరటి మూల అంట్లు తోమేచోట నిలబడి, ఆ బుల్లి బుల్లి ఆకులు ఊపుకుంటూ ఉండేది. దాని వంక ఎవరూ కన్నెత్తి చూసేవాళ్లు కారు.

అప్పట్లో భోజనాలన్నీ విస్తళ్లలోనే. చిన్న చిన్న ఆకులు ఏరుకొచ్చి, పుల్లలతో గుచ్చి, గుండ్రంగా కుట్టేవాళ్లు. విస్తరి కుట్టాలన్నా, వెయ్యాలన్నా, వడ్డించాలన్నా ఆ ఏటిగట్టు ఊళ్లో పేరిందేవమ్మ తర్వాతే ఎవరైనా. ఉప్పెక్కడ, ఊరగాయెక్కడ, పప్పెక్కడ, కళ్లు మూసుకుని వడ్డించినా బెత్తెడు తేడా రాదు. "తినేవాడు చెయ్యి చాపి వెతుక్కున్నాడంటే అదేం వడ్డన?" అనేది ఆవిడ.

ఏటా నాట్లు అయిపోగానే ఊరంతా కలిసి ఎండకీ, వానకీ, గాలికీ విందు పెట్టేవాళ్లు. పంట వాళ్ల చలవే కదా మరి! ఎండ బుద్ధిగా కూర్చుని తినేది. వాన ఇంకాస్త పులుసు పొయ్యమనేది. గాలి వచ్చి కూర్చుందో, ఇక చూడాలి! ఎండ విస్తరి వాన ఒళ్లో పడేది. వాన విస్తరి చూరెక్కేది. గాలి విస్తరి అయితే ఏ ఊరు పోయేదో ఎవరికీ తెలీదు. పాపం, గాలి ఏ విందులోనూ కడుపు నిండా తిన్నది లేదు.

ఆ ఏడు పేరిందేవమ్మకి ఒక ఆలోచన వచ్చింది. ఏట్లోంచి నున్నటి రాళ్లు తెచ్చి, కడిగి, విస్తరికొకటి చొప్పున పెట్టింది. ఎగిరిపోకుండా అన్నమాట. ఎండా వానా ముందే వచ్చేశాయి. వాళ్ల విస్తళ్ల మీద రాళ్లు తీసేసి అన్నం వడ్డిస్తూ ఉండగా గాలి వచ్చింది. వస్తూనే తన విస్తరి చూసుకుంది. అన్నం లేదు. మధ్యలో రాయి ఉంది.

"అందరికీ అన్నం వడ్డించి, నాకు రాయి వడ్డించారా?" అంది గాలి.

"అయ్యో నాయనా, అది కాదు..." అనబోయింది పేరిందేవమ్మ. ఆ మాట నోట్లో ఉండగానే గాలి లేచి వెళ్లిపోయింది. చుట్టం అలిగి ఆకు ముందునుంచి లేచిపోయాడంటే ఇంకేమైనా ఉందా! పేరిందేవమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు.

కోతలయ్యాయి. నూర్పిళ్లయ్యాయి. కళ్లంలో ధాన్యం కొండలా పడింది. ఇక తూర్పారపట్టాలి. చేటతో పైకెత్తి పోస్తే పొల్లంతా గాలికి ఎగిరిపోయి గింజ కింద పడాలి. మరి గాలేదీ? ఎత్తిన చేట ఎత్తినట్టే ఉంది, పోసింది పోసినచోటే పడింది. సరేలే అని దంచి చెరిగితే, ఊకా ఎగరదు. ఊళ్లోవాళ్లు ఊకతోటే వండుకుని, దగ్గుకుంటూ తిన్నారు. పెద్దవాళ్లు ఎలాగో మింగారు.

పసిపిల్ల మింగుతుందా?

పేరిందేవమ్మకి వరాలు ఒక్కతే కూతురు. వరాలుకి అయిదో నెల పిల్ల. అన్నప్రాశన చెయ్యాల్సిన వేళ. తల్లికి పాలు చాలడం లేదు. ఆ బుజ్జిముండ గుప్పిట నోట్లో పెట్టుకుని చీకుతూ ఏడుస్తుంది. ఊకన్నం పెడితే నూగు గొంతుకి అడ్డం పడుతుందేమోనని భయం. వరాలుకి అన్నదమ్ములు కూడా లేరాయె. మొదటి ముద్ద పెట్టడానికి మేనమామ లేడు, పెడదామంటే అన్నమూ లేదు.

పేరిందేవమ్మ ఒక్కొక్క గింజా గోటితో ఒలిచింది. వేళ్లు ఎర్రగా వాచిపోయాయి. ఎంత ఒలిచినా చారెడు బియ్యం కాలేదు.

"అమ్మా, ఇలా ఎన్నాళ్లు ఒలుస్తావే?" అంది వరాలు, తల్లి వేళ్లు పట్టుకుని.

"ఒలవనులే. అలిగినవాణ్ణి తీసుకొస్తాను" అని పేరిందేవమ్మ ఏరు దాటింది.

అవతలిగట్టున వెదురుపొద ఉంది. గాలి అందులో దూరి ముడుచుకుని పడుకుంది.

"నాయనా గాలీ, లే. తప్పు నాదే. నీ విస్తరి ఎగిరిపోతుందేమోనని పెట్టాను గానీ, నిన్ను తక్కువ చేసి కాదు."

"తక్కువైనా ఎక్కువైనా రాయి రాయే కదమ్మా" అంది గాలి. "నేను కావాలని ఎగరగొడతానా? ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటాను. అయినా ఎగిరిపోతుంది. అందరూ నవ్వుతారు. నా ముందు ఆకు నిలిస్తే చూడాలని నాకు మాత్రం ఉండదా?"

పేరిందేవమ్మ పొద పక్కనే చతికిలబడింది. ఇన్నేళ్లు ఎన్ని విస్తళ్లు వేసిందో! ఈ చుట్టం ఆకలి మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

"రాయి పెట్టకుండా, ఎగరకుండా ఆకు వేస్తాను. వస్తావా?"

"అలాంటి ఆకుంటే వస్తాను" అంది గాలి, మొహం అటు తిప్పుకుని.

పేరిందేవమ్మ చెరువుకెళ్లి తామరాకుని అడిగింది. "నా మీద నీటిబొట్టే నిలవదు తల్లీ, ఇక నీ పప్పుపులుసేం నిలుస్తుంది?" అంది తామరాకు. టేకుచెట్టుని అడిగింది. "నా ఒళ్లంతా గరుకు. తెల్లటి అన్నం ఎర్రబడుతుంది, ఆనక నన్నంటావు" అంది టేకుచెట్టు. తిరిగి తిరిగి కాళ్లు పీకి, పేరిందేవమ్మ ఇంటికొచ్చి అంట్లు తోమేచోట చతికిలబడి ఏడ్చింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు?" అని ఎవరో అన్నారు.

ఎవరా అని చూస్తే, పెరట్లో అరటిచెట్టు!

"నీ బియ్యం కడుగునీళ్లు తాగి పెరిగినదాన్ని. ఈమధ్య ఆ నీళ్లలోనూ ఊకే వస్తోంది. అప్పుడే అనుకున్నాను, ఏదో జరిగిందని. నన్నొక్క మాట అడక్కూడదూ?"

"నీ ఆకులో ఉప్పు పెడితే ఊరగాయకి చోటుండదే పిచ్చితల్లీ!"

"ఎంత చోటు కావాలో చూపించు. పెరుగుతాను."

పేరిందేవమ్మ కళ్లు తుడుచుకుని, తడినేల మీద వేలితో గీసింది. "పైవరసలో ఇదిగో ఉప్పు. పక్కన ఊరగాయ. ఇక్కడ పచ్చడి, ఇక్కడ కూర, ఇక్కడ పప్పు. ఈ చివర పరమాన్నం. కిందివరసంతా అన్నానికి. ఒకదాంట్లో ఒకటి కలవకూడదు."

"మరి పైవరసకీ కిందివరసకీ మధ్య?"

"ఒక గట్టు ఉంటే బాగుణ్ణు."

"నా వెన్నెముక వేస్తాలే" అంది అరటి. "అదుంటే బరువుగానూ ఉంటుంది, ఎవరొచ్చినా లేవదు."

అని ఊపిరి బిగబట్టి పెరగడం మొదలెట్టింది. మొవ్వులోంచి కొత్తాకు బయటికొచ్చింది. చాప చుట్టినట్టు చుట్టుకుని ఉంది.

"విప్పవేమే?"

"చుట్టం రాకముందే మురికి పడితే బావుంటుందా? వచ్చాక విప్పుతాను."

వరాలు పరుగున వెళ్లి ఏటిగట్టు మీంచి కేకేసింది. "అన్నయ్యా! ఆకు వేస్తున్నాం, రావయ్యా!"

గాలిని అన్నయ్యా అని పిలిచినవాళ్లు అంతకు ముందెవరూ లేరు. కాసేపటికి, గుమ్మం దగ్గర ఎవరో తచ్చాడుతున్నట్టు తలుపు కదిలింది.

అరటి ఆకు విప్పింది. అబ్బ! పీటకి ఇటు చివరనుంచి అటు చివరదాకా, పచ్చగా, నున్నగా! పేరిందేవమ్మ ఆకు కోసి, కొస ఎడమచేతి వైపుకి వచ్చేలా వేసి, దోసెడు నీళ్లు చల్లి అరచేత్తో తుడిచింది. ఆకు నేలని కరుచుకుంది. గాలి బిక్కుబిక్కుమంటూ వచ్చి కూర్చుంది. ఆకు అంచు కాస్త వణికింది. లేవలేదు.

"ఎగరలేదమ్మా!" అంది గాలి, చిన్నపిల్లాడిలా.

"ఎగరదు. నీ ఆకే ఇది."

ఉప్పు ఉప్పుచోట, ఊరగాయ ఊరగాయచోట వడ్డించింది. చివరికి గోటితో ఒలిచిన ఆ కాసిని బియ్యం వండిన అన్నం తెచ్చి, ఉన్నదంతా గాలి ఆకులో పెట్టింది. వరాలు ఒళ్లో పిల్ల గుప్పిట చీకుతూ ఉంది. వరాలు అది చూసి, పిల్లని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. చుట్టం ఆకు ముందు కూర్చున్నాక ఇంకో మాటేమిటి?

గాలి ముద్ద కలిపింది. అప్పుడు కంటపడ్డాయి, వాచిపోయిన పేరిందేవమ్మ వేళ్లు. అన్నం వంక చూసింది. ఒక్క ఊకపొట్టు లేదు. గుప్పిట చీకుతున్న పిల్లని చూసింది. సంగతంతా అర్థమైంది.

"చెల్లీ, మేనకోడల్ని ఇలా తే" అంది.

నెయ్యీ పప్పూ వేసి మెత్తగా మెదిపి, వేడిగా ఉందేమోనని మెల్లగా ఊది, మొదటి ముద్ద పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల ముందు మొహం చిట్లించింది. తర్వాత చప్పరించింది. ఆ తర్వాత, ఇంకా కావాలని మేనమామ వేలు గట్టిగా పట్టుకుంది. పేరిందేవమ్మ కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. మిగిలిన అన్నం గాలి మెతుకు వదలకుండా తింది.

కడుపు నిండింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి! ఆ సంతోషంలో ఊపిరి బిగపట్టడం మర్చిపోయి "హమ్మయ్య!" అని ఒక్క నిట్టూర్పు వదిలింది.

పర్రుమంది ఆకు. అంచునుంచి పేలికలు పేలికలుగా చిరిగిపోయింది.

గాలి సిగ్గుతో చచ్చిపోయింది. "చూశారా, నేనింతే! నాకు ఆకు వెయ్యకూడదు" అంటూ లేవబోయింది.

"కూర్చో అబ్బీ" అంది పెరట్లోంచి అరటి. "చిరిగింది ఈనెదాకానే. వెన్నెముక అలాగే ఉంది చూడు. నువ్వు తిన్నావు, ఆకు ఎగరలేదు. అంతకంటే ఏం కావాలి? నువ్వెన్నిసార్లొచ్చినా చీలి నీకు దారిస్తాను గానీ, నీ ముందునుంచి లేచిపోను."

గాలి చెయ్యి కడుక్కుంది. తిన్నగా కళ్లానికి వెళ్లి చీకటిపడేలోగా ఊరి ధాన్యమంతా తూర్పారపట్టింది. మర్నాడు ఊరందరి ఇళ్లలోనూ తెల్లటి అన్నం!

అప్పటినుంచే అరిటాకు అంత వెడల్పుగా పెరుగుతోంది. అప్పటినుంచే దానికి నడుమన ఆ లావుపాటి ఈనె ఉంది, కొత్తాకు చాపలా చుట్టుకుని పుడుతోంది, గాలొస్తే ఈనెదాకా చీలుతుందే గానీ ఊడి ఎగిరిపోదు. పెరట్లో మిగతా చెట్లన్నీ ఊరికే ఉన్నప్పుడు అరిటాకొక్కటే ఊగుతూ కనిపిస్తే, అది ఇంకెవరో కాదర్రా, మీ మేనమామే. నా ఆకు వేశారా అని చూడ్డానికొచ్చాడు.